ఒకే జీతం, ఒకే నిబంధనలు: రెండు శాఖల్లో పని ఇంత వేరుగా ఎందుకుంటుంది?

ప్రశ్న: గోదావరి గట్టు

నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. నాలుగు నెలల క్రితం పదోన్నతి మీద ఒక మండల కేంద్రంలోని శాఖకు మేనేజరుగా వచ్చాను. అంతకు ముందు పనిచేసిన శాఖ ఇక్కడికి 40 కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. రెండు చోట్లా ఖాతాదారులు వరి రైతులు, రొయ్యల చెరువుల వారు, డ్వాక్రా సంఘాల మహిళలు, పింఛనుదారులే. జీతభత్యాలు బ్యాంకుల యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య కుదిరే ద్వైపాక్షిక ఒప్పందం ప్రకారమే కాబట్టి అక్కడా ఇక్కడా తేడా లేదు. సాఫ్ట్‌వేరు ఒకటే, సర్క్యులర్లు ఒకటే.

అయినా పాత శాఖలో మధ్యాహ్నం మూడున్నరకు ఒక ముసలాయన పాసు పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర తచ్చాడుతుంటే, ఎవరి సీటు అనేది చూడకుండా ఎవరో ఒకరు లేచి వెళ్లి విషయం కనుక్కునేవారు. ఇక్కడ "ఆ సీటు వారు సెలవులో ఉన్నారు, రేపు రండి" అనే మాట వినబడుతుంది. ఇక్కడివారు పని ఎగ్గొట్టేవారని నేను అనడం లేదు. వేళకు వస్తారు, తమ సీటు పని పూర్తి చేస్తారు, వెళ్లిపోతారు. 2020 ఏప్రిల్ 1న 10 ప్రభుత్వ రంగ బ్యాంకులను 4గా కలిపినప్పుడు మా బ్యాంకు కూడా విలీనంలో ఉంది. ఇన్నేళ్లయినా భోజనాల వేళ "మీ బ్యాంకు, మా బ్యాంకు" అంటూ రెండు గుంపులుగానే కూర్చుంటారు.

నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది మరొకటి. ఈ నాలుగు నెలల్లో, నా అంతట నేను కనిపెట్టకముందే "ఇక్కడ ఒక సమస్య ఉందండీ" అని ఒక్కరైనా నా గదిలోకి వచ్చి చెప్పలేదు. డిపాజిట్లు, కొత్త ఖాతాలు, బీమా, రుణ వసూళ్లు అన్నిటిలోనూ మా శాఖ ప్రాంతీయ జాబితాలో అడుగున ఉంది. జీతం పెంచడం, బదిలీ చేయడం, పదోన్నతి ఇవ్వడం నా చేతిలో లేవు. నా చేతిలో ఉన్నదేమిటో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు: పాత లెడ్జరు

అయ్యా, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఎవరూ వచ్చి సమస్య చెప్పలేదన్నారే, మీరు పట్టుకోవలసిన కొస అదే. డిపాజిట్లూ బీమా తరువాతి మాట.

నేను 1987లో గుమాస్తాగా చేరి, అధికారిగా విరమణ చేశాను. 1994లో నగదు కౌంటరులో ఉన్నప్పుడు ఒక సాయంత్రం టాలీ చేస్తే 10,000 రూపాయలు తక్కువ వచ్చింది. అది అప్పట్లో నా నెలజీతం కంటే ఎక్కువ. చేతులు చెమటలు పట్టి, మూడోసారి లెక్కపెడుతుంటే నోట్లు వేళ్లకు అంటుకున్నాయి. మేనేజరు గారు వచ్చి నా పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, అటెండరుతో టీ తెప్పించి, ఆ రోజు చెల్లింపుల జాబితా (స్క్రోలు) తానే ఒక్కొక్క వరుసా చదవడం మొదలుపెట్టారు. మిగిలిన సిబ్బందిలో ఎవరూ ఇంటికి వెళ్లలేదు. ఒకరు వోచర్లు చూశారు, ఒకరు కట్టలు విప్పి లెక్కపెట్టారు. పోయింది సరిగ్గా వంద నోట్ల వంద రూపాయల కట్ట కాబట్టి, కట్టలుగా ఇచ్చిన చెల్లింపులను మాత్రమే చూద్దామని ఆయనే అన్నారు. అలాంటివి ఆ రోజు మూడు. వాటిలో ఒక రైసు మిల్లుకు 40,000 ఇచ్చిన చెల్లింపు ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకు నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుని మిల్లుకు తీసుకెళ్లారు. అక్కడి గుమాస్తా ఐదో కట్టను అప్పటికే విడిగా తీసి పెట్టి ఉంచాడు.

మరునాడు నాకు మెమో రాలేదు. ఆయన అందరినీ పిలిచి, ఇకపై కట్టలుగా ఇచ్చే చెల్లింపు ఏదైనా రెండో మనిషి చూశాకే కౌంటరు దాటాలని చెప్పారు. ఆ శాఖలో నేనున్నంత కాలం చిన్న పొరపాటు జరిగినా ఐదు నిమిషాల్లో ఆయనకు తెలిసిపోయేది. చెప్పడానికి ఎవరికీ భయం ఉండేది కాదు.

తరువాత కొన్నేళ్లకు నేను వేరే ఊళ్లో మరో శాఖలో పనిచేశాను. అక్కడ నగదు తక్కువైతే మేనేజరు అందరి ముందూ కేకలేసేవారు. దాంతో తక్కువ పడిన డబ్బును ఎవరి జేబులోంచి వారు గుట్టుచప్పుడు కాకుండా వేసేయడం అలవాటైంది. లెక్క ప్రకారం ఆ శాఖలో రెండేళ్లపాటు ఒక్క రూపాయి తేడా రాలేదు. ఆ తరువాత తనిఖీలో, ఒక ఉద్యోగి చాలాకాలంగా లావాదేవీలు లేని ఖాతాల నుంచి డబ్బు మళ్లించినట్టు బయటపడింది. విచారణలో తేలిందేమిటంటే, ముగ్గురికి ముందే అనుమానం వచ్చింది, అయినా ముగ్గురూ నోరు విప్పలేదు. చిన్న తప్పు చెప్పుకుంటే పరువు పోయే చోట పెద్ద తప్పు గురించి ఎవరు చెబుతారు?

కీలకమైన సీట్లలో ఉన్నవారిని ఏటా ముందస్తు సమాచారం లేకుండా కనీసం 10 పనిదినాలు ఒకే విడతలో తప్పనిసరి సెలవుపై పంపాలని రిజర్వు బ్యాంకు 2021 జూలైలో ఆదేశించింది. అది మోసాలను పట్టుకునే ఏర్పాటే అయినా, మీకు మరోలా కూడా ఉపయోగపడుతుంది. ఒకరు సెలవులో ఉంటే వారి పని ఇంకొకరు చేయవలసి వస్తుంది, అప్పుడు "ఆ సీటు వారు లేరు" అనే మాటకు చోటుండదు. మీ శాఖలో ఈ నియమం నిజంగా అమలవుతున్నదో, కాగితం మీద మాత్రమే ఉన్నదో ముందు చూడండి.

జవాబు: పాఠం చెప్పేవాడిని

నేను మేనేజ్‌మెంటు బోధిస్తాను. బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న అనుభవం నాకు లేదు కాబట్టి, పెద్దలు పైన చెప్పినదానికి పరిశోధనలో ఉన్న ఆధారాన్ని మాత్రం చేరుస్తాను.

ఉద్యోగి తన పనిలో మనసు పెట్టడం అనే విషయంపై తొలి పరిశోధనల్లో ఒకటి విలియం కాన్ 1990లో ప్రచురించినది. ఆయన ఒక వేసవి శిబిరంలోనూ ఒక ఆర్కిటెక్టుల సంస్థలోనూ పనిచేసేవారిని గమనించారు. మనిషి మూడు ప్రశ్నలకు లోలోపల జవాబు చూసుకున్నాకే పనిలోకి పూర్తిగా దిగుతాడన్నది ఆ పరిశోధన సారం. ఈ పనికి అర్థం ఉందా, నేను నేనుగా మాట్లాడితే నాకు ముప్పు ఉందా, ఇవాళ నాలో ఓపిక మిగిలి ఉందా అన్నవే ఆ మూడు. జీతం ముఖ్యమే, కానీ మీరు చెప్పిన రెండు శాఖల మధ్య తేడా ఈ మూడు ప్రశ్నల దగ్గరే ఉన్నట్టుంది. 1990 దశకంలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల నర్సింగు బృందాలను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదై ఉన్నాయి. అక్కడ తప్పులు ఎక్కువగా జరగడం దానికి కారణం కాదని, జరిగిన తప్పును దాచకుండా చెప్పగలగడమేనని ఆమె నిర్ధారణకు వచ్చారు. రెండేళ్లు ఒక్క రూపాయి తేడా రాని శాఖ గురించి పైన చదివినప్పుడు నాకు వెంటనే ఆ పరిశోధనే గుర్తుకు వచ్చింది.

బ్యాంకింగులో ఈ విషయం ఎంత దూరం వెళ్లగలదో అమెరికాలోని వెల్స్ ఫార్గో ఉదంతం చూపిస్తుంది. ప్రతి కుటుంబానికీ ఎనిమిది రకాల ఖాతాలో కార్డులో అంటగట్టాలన్నది అక్కడి లక్ష్యం. శాఖలో రోజువారీ లెక్క, పూర్తికాకపోతే మరునాటికి బకాయి. లాస్ ఏంజలెస్ టైమ్స్ పత్రిక 2013 డిసెంబరులోనే ఈ ఒత్తిడి గురించి రాసింది. 2016 సెప్టెంబరు నాటికి, ఖాతాదారులకు తెలియకుండా లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచినట్టు తేలి, బ్యాంకుపై 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికి సుమారు 5,300 మందిని ఉద్యోగాల నుంచి తీసేశారు, వారిలో ఎక్కువమంది కింది స్థాయి వారే. ఆ ఏడాది అక్టోబరులో అధినేత జాన్ స్టంఫ్ తప్పుకున్నారు. 2018 ఫిబ్రవరిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు ఆ బ్యాంకు ఆస్తులు పెరగకుండా పరిమితి విధించింది, దాన్ని 2025 జూన్‌లో గానీ ఎత్తివేయలేదు. నా విద్యార్థులకు నేను ప్రత్యేకంగా చెప్పే సంగతి మరొకటి ఉంది. మోసం జరుగుతున్నదని లోపలే ఫిర్యాదు చేసిన ఒక మేనేజరును తొలగించిన విషయంలో, ఆ వ్యక్తిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకుని 54 లక్షల డాలర్లు చెల్లించాలని 2017 ఏప్రిల్‌లో అక్కడి కార్మిక శాఖ ఆదేశించింది. అంటే చెప్పేవారు లేకపోలేదు. వినే ఏర్పాటే లేదు.

బ్యాంకు ఉద్యోగం చేసేవారే అలాంటివారని దీన్నిబట్టి అనుకోకూడదు. 2014లో ఒక పెద్ద అంతర్జాతీయ బ్యాంకుకు చెందిన 128 మంది ఉద్యోగులతో చేసిన ప్రయోగంలో, వారి వృత్తిని ముందుగా గుర్తు చేసిన బృందం బొమ్మా బొరుసా ఫలితాలను తమకు లాభం వచ్చేలా ఎక్కువగా చెప్పుకుందని తేలింది. అయితే 2019లో మధ్యప్రాచ్య, ఆసియా-పసిఫిక్ ప్రాంతాల బ్యాంకు ఉద్యోగులతో అదే ప్రయోగం చేసినప్పుడు ఆ ఫలితం రాలేదు. కాబట్టి లోపాన్ని వృత్తి మీదికి నెట్టలేము, ఏ సంస్థ వాతావరణం ఎలాంటిదో చూడవలసిందే.

జవాబు: మూడో కౌంటరు

నేను సింగిల్ విండో ఆపరేటరును, అంటే నగదు, ఖాతాల పనులు ఒకే కౌంటరులో చూసే గుమాస్తాను, తొమ్మిదేళ్ల అనుభవం. పైన చెప్పినవన్నీ నిజమే అయినా, కౌంటరు ఇవతల నుంచి కూడా ఒక మాట చెప్పాలి. సంస్కృతి గురించి మాట్లాడేటప్పుడు మనుషుల కొరతను మరిచిపోకండి. అయిదుగురు చేసే పనిని ముగ్గురు చేస్తున్న చోట, మూడున్నరకు వచ్చిన ముసలాయన వైపు లేచి వెళ్లడానికి మనసుంటే చాలదు, కాళ్లలో సత్తువ కూడా ఉండాలి. తగినన్ని నియామకాలు, వారానికి అయిదు రోజుల పని కావాలని ఉద్యోగ సంఘాలు అడుగుతున్నది ఊరికే కాదు. 2024 మార్చి ఒప్పందం సమయంలో అయిదు రోజుల పనికి బ్యాంకుల యాజమాన్యాల సంఘం సిఫారసు చేసింది, తుది అనుమతి ప్రభుత్వం ఇవ్వాలి. ఇవి మీ చేతిలో లేవని నాకు తెలుసు. సిబ్బంది అలసటను ఉదాసీనతగా లెక్కగట్టకుండా ఉండటం మాత్రం మీ చేతిలోనే ఉంది.

ఇక మనసు ఎక్కడ విరుగుతుందో చెబుతాను. రెండేళ్ల క్రితం మార్చి నెలలో బంగారు రుణం రెన్యువలుకు ఒక కౌలు రైతు వచ్చారు. తువ్వాలు కొసలో మడిచి తెచ్చిన వడ్డీ డబ్బు కౌంటరు మీద పెట్టి, రసీదు ఇవ్వమన్నారు. ఆ రోజు మా శాఖ బీమా జాబితాలో సున్నా దగ్గర ఉంది. ఒక పాలసీ చేయిస్తే రెన్యువలు త్వరగా అవుతుందన్నట్టు ఆయనకు చెప్పమని నాకు సూచన వచ్చింది. నేను చెప్పాను. ఆయన సంతకం పెట్టారు. ఏడాది తరువాత రెండో ప్రీమియం గురించి ఫోనుకు సందేశం వస్తే, అది ఏమిటో అడగడానికి నా దగ్గరికే వచ్చి, "అమ్మా, నువ్వు చెప్పావనే పెట్టాను" అన్నారు. ఆ రోజు నుంచి ఆ సీటులో కూర్చోవాలంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. శాఖ ఆ నెల లక్ష్యం దాటింది, మాకు అభినందన సందేశం కూడా వచ్చింది. ఆ అభినందన చదివిన తరువాతే నేను సొంతంగా ఏదీ ముందుకు వచ్చి చేయడం మానేశాను.

ఆయన అడిగిందల్లా వడ్డీ రసీదు. అది మేము బాగా చేయగలం, దానికి మెచ్చుకోలు మాత్రం ఎప్పుడూ రాలేదు. ఏ పనికి మెచ్చుకోలు దొరుకుతుందో సిబ్బంది ఆ పనే చేస్తారు, తమకు నచ్చని పనికి మెచ్చుకోలు వస్తే తలవంచుకుని ఊరుకుంటారు. 2020 నవంబరు ఒప్పందంలో వచ్చిన పనితీరు ప్రోత్సాహకం బ్యాంకు మొత్తం నిర్వహణ లాభం పెరుగుదలను బట్టి కింది నుంచి పై వరకు అందరికీ వచ్చేది కాబట్టి, మా మధ్య అది పోటీ పెట్టలేదు. పోటీ పెట్టేది సాయంత్రం వచ్చే జాబితాలే.

అందుకే మీకు ఒక ప్రశ్న. ప్రాంతీయ కార్యాలయం ఏడు గంటలకు వాట్సాప్‌లో పెట్టే, అడుగు శాఖలకు ఎర్ర రంగు పూసిన పట్టికను మీరు మీ శాఖ గ్రూపులోకి ఉన్నది ఉన్నట్టుగా పంపుతున్నారా? మీ పాత మేనేజరు పంపేవారా?

జవాబు: కొత్తగా మారినవాడు

ఆరేళ్లు ఒక ప్రైవేటు బ్యాంకు విక్రయ విభాగంలో చేసి బయటికి వచ్చాను. 2023లో కోల్‌కతాలో ఒక ప్రైవేటు బ్యాంకు అధికారి ఆన్‌లైన్ సమావేశంలో కింది ఉద్యోగులపై అరిచిన వీడియో బయటికి వచ్చి ఆయనను సస్పెండ్ చేసినప్పుడు, దేశమంతా ఆశ్చర్యపోయింది. మా బృందంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మాకది ప్రతి నెలాఖరునా మామూలే. ఒక్క విషయం మాత్రం చెప్పగలను: అలా అరుపులు తిన్న నెలలో వచ్చిన ఖాతాల్లో చాలా భాగం మూడు నెలలు తిరిగేసరికి ఖాళీ అయ్యేవి. వాటిని మళ్లీ నింపడానికి మళ్లీ అరుపులు. అంకె పెరిగినట్టు కనిపించేది కానీ బ్యాంకుకు మిగిలేది తక్కువ.

ప్రశ్న అడిగినవారి స్పందన: గోదావరి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. మూడో కౌంటరు గారూ, మీ ప్రశ్న చదివి ఆ రాత్రి ఫోను తెరిచి చూసుకున్నాను. నాలుగు నెలల్లో ఆ ఎర్ర పట్టికను మా గ్రూపులోకి 71 సార్లు పంపాను. మా పాత మేనేజరు గారు ఒక్కసారి కూడా పంపలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. ఆయన ఆ పట్టికను తన దగ్గర ఉంచుకుని, మరునాడు ఉదయం షట్టరు తీసేముందు "ఇవాళ ఎవరికి ఏం అడ్డం వస్తోంది?" అని మాత్రం అడిగేవారు. నేను ఆ శాఖ బాగుండటానికి సిబ్బంది మంచితనమే కారణమనుకున్నాను. పైనుంచి వచ్చే వేడిని ఆయన తన దగ్గరే ఆపేవారని ఇన్నాళ్లూ నాకు తెలియలేదు.

పది రోజులుగా నేను కూడా పట్టిక పంపడం మానేశాను. ఉదయం తొమ్మిది నలభైకి అందరం నిలబడి పది నిమిషాలు మాట్లాడుకుంటున్నాం. మొదటి మూడు రోజులూ ఎవరూ పెదవి విప్పలేదు. నాలుగో రోజు నేనే, గత వారం ఒక డ్వాక్రా సంఘం రుణ పరిమితిని తప్పుగా నమోదు చేశానని, మా క్షేత్రాధికారి పట్టుకోకపోతే సంఘానికి తక్కువ మొత్తం మంజూరయ్యేదని చెప్పాను. ఆ మధ్యాహ్నం ఒక గుమాస్తా ప్రింటరు సమస్య చెప్పారు. చిన్న విషయమే, అయినా నా గదిలోకి వచ్చి చెప్పిన మొదటి విషయం అది.

సెలవుల రిజిస్టరు కూడా చూశాను. పాత లెడ్జరు గారు అనుమానించినట్టే, తప్పనిసరి సెలవుపై వెళ్లవలసినవారిలో ఇద్దరు వెళ్లనేలేదు. బంగారు రుణాల సీటు వారిని ఈ నెలలో పంపుతున్నాను. విలీనానికి ముందు వేరే బ్యాంకులో ఉన్న ఒక సహోద్యోగిని ఆ పని నేర్చుకోవడానికి ఒప్పుకున్నారు. వారిద్దరూ రెండు రోజులుగా ఒకే బల్ల దగ్గర కూర్చుని నమోదు పుస్తకం చూసుకుంటున్నారు.

నిన్న ఉదయం ఆమె అందరి ముందు కాకుండా తరువాత వచ్చి, మూడు వారాల క్రితం ఒక రైతు పంట రుణం రెన్యువలులో, ఆయనకు సరిగా అర్థం కాకుండానే బీమా పాలసీ చేయించామని చెప్పారు. దానికి నేనే తొందరపెట్టానని ఆమె అనలేదు, నాకు తెలుసు. పాలసీ పత్రం అందిన నాటి నుంచి 30 రోజుల్లోపు వద్దనుకునే హక్కు ఖాతాదారుకు ఉంది, ఇంకా తొమ్మిది రోజులు మిగిలి ఉన్నాయి. ఆ రైతుకు నేనే ఫోను చేసి విషయం వివరించాను. ఉంచుకోవాలో వద్దో ఇంట్లో మాట్లాడుకుని సోమవారం వస్తానన్నారు. రద్దు దరఖాస్తు ఆమె దగ్గర సిద్ధంగా ఉంది.